ఎత్తు పెంచిన బండికి గాలి ఊతం

సెలవులు రాగానే ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ట్రైలరు తగిలించి కొండదారి పట్టే తెలుగు కుటుంబాలు అమెరికాలో నేడు అరుదు కాదు. రాళ్ళదారులలో అడుగుభాగం తగలకుండా కొందరు బండిని మూడు నాలుగు అంగుళాలు ఎత్తు పెంచుకుంటారు. ఎంత పెంచినా ట్రైలరు బరువు పడగానే వెనుక భాగం చతికిలబడుతుంది. ముందు దీపాలు ఎదుటివారి కళ్ళలోకి లేస్తాయి. దీనికి విరుగుడుగా పలువురు ఆశ్రయించేది సహాయక గాలి స్ప్రింగులను.

ఇవి కొలిమి తిత్తికి దూరపు చుట్టాలు. కాయిల్ స్ప్రింగులున్న బండ్లలో ఆ చుట్ల నడుమ ఇమిడే పాలీయురిథేన్ గొట్టంగాను, కమాను కట్టలున్న వాటిలో ఛాసిస్‌కు, ఇరుసుకు మధ్య బిగించే రబ్బరు తిత్తిగాను లభిస్తాయి. ఉక్కు స్ప్రింగు ప్రతి అంగుళం కుంగుదలకు ఇంచుమించు ఒకే కొలతలో ఎదురు తిరుగుతుంది. గాలి స్వభావం వేరు. 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత మారనంత వరకు, ఘనపరిమాణం సగమైతే పీడనం రెట్టింపవుతుంది. కనుక కుంగినకొద్దీ తిత్తి మరింత బిగుసుకుంటుంది.

ఉష్ణోగ్రత మారితే లెక్క మారుతుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద చదరపు అంగుళానికి 30 పౌన్ల పీడనం నింపారనుకుందాం. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైనున్నది మాత్రమే కనుక మరో 14.7 కలపాలి. తిత్తి పరిమాణం మారకుండా చలి 20 డిగ్రీలకు దిగితే గేజి దాదాపు 26కు పడిపోతుంది. గాలి కారిందని కంగారుపడనక్కరలేదు.

ఎత్తు పెంచిన బండికి చిక్కులు అదనం. మామూలు తిత్తి కర్మాగారపు ఎత్తుకు తగిన పొడవుతో ఉంటుంది. ఎడం పెరిగినందున దాని కింద ఆ మేరకు దిమ్మె అమర్చాలి. కమాను కట్టల బండిలో చక్రం గోతిలోకి వేలాడినప్పుడు తిత్తి సాగి చిరగకుండా కింది కొస విడివడే ఏర్పాటు కావాలి. రెండు తిత్తులను ఒకే గొట్టంతో కలపడం చవక. కాని మలుపులో ఒరిగిన వైపు గాలి అవతలి తిత్తిలోకి పోయి ఒరుగుడు పెరుగుతుంది. గరిమనాభి ఇదివరకే పైకి జరిగిన బండిలో ఈ పొదుపు తగదు. దేని గొట్టం దానికే, దేని వాల్వు దానికే ఉండాలి.

అన్నిటికన్నా పెద్ద భ్రమ మరొకటి కలదు. 3,500 పౌన్ల ట్రైలరు కొక్కెంపై మోపే బరువు 350 పౌన్లనుకుందాం. ముందు, వెనుక ఇరుసుల ఎడం 116 అంగుళాలు, కొక్కెం వెనుక ఇరుసుకు 45 అంగుళాల అవతల. అప్పుడు తులాదండ న్యాయాన ముందు చక్రాలపై దాదాపు 136 పౌన్లు తగ్గి, వెనుక ఇరుసుపై 486 పౌన్లు చేరతాయి. స్టీరింగు పట్టు, ముందు బ్రేకుల పట్టు ఆ మేరకు సన్నగిల్లుతాయి. గాలి నింపితే బండి సమంగా కనిపిస్తుంది గాని ఆ 136 పౌన్లు ముందుకు తిరిగిరావు. వాటిని తిరిగి పంచేది బరువు పంచే ప్రత్యేకమైన కొక్కెం. దానిని బండి తయారీదారు అనుమతిస్తేనే వాడాలి.

డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటీలోని బరువు హద్దు కూడా గాలి స్ప్రింగుల వల్ల పెరగదు. ఎత్తుతో పాటు చేర్చిన పెద్ద టైర్లు, ఇనుప బంపరు, వించి అందులో కొంత భాగాన్ని ముందే ఆక్రమించి ఉంటాయి.