విదేశంలో పుట్టిన మనవలు ఏ దేశ పౌరులు? మొదటి ఏడాదిలోనే తేల్చుకోవలసిన సంగతి

తండ్రిది హోసూరు, తల్లిది బళ్ళారి, బిడ్డ పుట్టింది షార్జాలో. ఈ బిడ్డ ఏ దేశస్థురాలు? "ఇంకే దేశం, మన దేశమే" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఠక్కున అనేస్తారు. చట్టం మాత్రం అంత ఠక్కున అనదు. 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ, అమ్మానాన్నలిద్దరూ భారతీయులే అయినా, పుట్టినంత మాత్రాన భారత పౌరుడైపోడు. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో పుట్టుకను నమోదు చేయించాలి. గడువు ఒక్క ఏడాది. అది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇస్తేనే నమోదు జరుగుతుంది. అప్పుడు ఆలస్యానికి కారణం చెప్పుకోవాలి, ఫైలు ఢిల్లీకి వెళ్ళి రావాలి, ఇటు బిడ్డ వీసా సంగతి తేలక తల్లిదండ్రులు సతమతం కావాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే. అక్కడి ఆసుపత్రి ఇచ్చిన కాగితం, ఆ దేశం ఇచ్చిన జనన ధ్రువపత్రం చేతిలో ఉన్నాయి కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ పత్రం బిడ్డ ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చెబుతుంది తప్ప భారత పౌరసత్వం ఇవ్వదు. పౌరసత్వం వచ్చేది 1955 నాటి పౌరసత్వ చట్టంలోని నాలుగో సెక్షను కింద మన కాన్సులేట్ చేసే నమోదు వల్ల. ఆ దరఖాస్తులోనే, బిడ్డకు మరో దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి సంతకం చేయాలి. ఈ ఒక్క వాక్యం ఎంత ముఖ్యమో అమెరికా సంగతికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

పెద్ద పిల్లల విషయంలో పుట్టిన తేదీని బట్టి లెక్క మారుతుంది. 1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబరు 10కి ముందు వరకు విదేశంలో పుట్టినవాళ్ళకు తండ్రి భారత పౌరుడైతేనే పౌరసత్వం. తల్లి పౌరసత్వం లెక్కలోకే రాదు. మలేసియా పౌరుణ్ణి పెళ్ళాడి వెళ్ళిన మన ఆడపడుచుకు 1988లో అక్కడ బిడ్డ పుట్టి ఉంటే, తల్లి ద్వారా ఆ బిడ్డకు భారత పౌరసత్వం రాలేదు. నలభై ఏళ్ళకు పైగా తల్లి ఈ చట్టానికి కనబడలేదన్నమాట. 1992 డిసెంబరు 10 నుంచి తల్లిదండ్రుల్లో ఎవరు పౌరులైనా సరే అన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి నమోదు తప్పనిసరి అయింది.

గల్ఫ్ ఒక దారి, అమెరికా ఇంకో దారి

దుబాయి, మస్కట్, కువైట్, దోహా, రియాద్ ఎక్కడైనా పుట్టినంత మాత్రాన ఆ దేశ పౌరసత్వం రాదు. సింగపూరులోనూ తల్లిదండ్రుల్లో ఒకరైనా అక్కడి పౌరులు కాకపోతే రాదు. బ్రిటన్‌లో 1983 జనవరి 1 నుంచి, ఆస్ట్రేలియాలో 1986 ఆగస్టు 20 నుంచి, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులో శాశ్వత నివాసులో అయితేనే అక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం. అంటే ఈ దేశాల్లో వర్కు వీసా మీద ఉన్న దంపతుల బిడ్డకు భారత పౌరసత్వం ఒక్కటే ఆధారం. నమోదు జరగకపోతే ఏ దేశమూ తన పౌరుడనని బిడ్డగా మిగిలే ప్రమాదం ఉంది.

గల్ఫ్‌లో ఈ ప్రమాదం కొంత తక్కువ. కారణం అక్కడి వీసా నిబంధనే. యూఏఈలో పుట్టిన బిడ్డకు 120 రోజుల్లో నివాస వీసా తీయాలి, లేకపోతే రోజువారీ జరిమానా. పాస్‌పోర్టు లేనిదే వీసా లేదు, నమోదు లేనిదే పాస్‌పోర్టు లేదు. కాబట్టి జరిమానా భయంతోనైనా పని జరుగుతుంది. అలాంటి ఒత్తిడి లేనిచోటే బద్ధకం పేరుకుపోతుంది.

అమెరికా, కెనడాల్లో కథ తిరగబడుతుంది. అక్కడి నేల మీద పుట్టిన బిడ్డకు ఆ దేశ పౌరసత్వం పుట్టుకతోనే వస్తుంది. అమెరికాలో దీనికి ఆధారం వాళ్ళ రాజ్యాంగపు 14వ సవరణ. తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రుల పిల్లలకు ఇది వర్తించదంటూ 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఆదేశమిచ్చారు. కింది కోర్టులు దాని అమలును ఆపాయి, వివాదం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. హెచ్1బీ మీద ఉన్న మన ఇళ్ళ పిల్లలు ఈ వ్యవహారాన్ని ఎందుకంత ఆతృతగా గమనిస్తున్నారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఆదేశం అమలైతే డాలస్‌లో పుట్టిన బిడ్డా, దోహాలో పుట్టిన బిడ్డా ఒకటే. కాన్సులేట్‌లో ఏడాదిలోపు నమోదు తప్ప దారి ఉండదు.

"అమెరికా పౌరసత్వం ఉండనీ, భారత పౌరసత్వమూ తీసుకుందాం" అని తాతయ్యలు అడుగుతుంటారు. పెద్దవాళ్ళకు ద్వంద్వ పౌరసత్వాన్ని మన చట్టం ఒప్పుకోదు. మైనరు బిడ్డ విషయంలో చిన్న వెసులుబాటు ఉంది. అమెరికా పాస్‌పోర్టు తీసుకోకముందే, ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే బిడ్డ భారత పౌరుడవుతాడు. పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లోగా రెండో దేశపు పౌరసత్వం వదులుకోవాలి. వదులుకోకపోతే మన పౌరసత్వం పోతుంది. వినడానికి బాగానే ఉంది గానీ, అమెరికా పౌరులు ఆ దేశంలోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అమెరికా పాస్‌పోర్టే వాడాలని అక్కడి చట్టం. ఆ పాస్‌పోర్టు తీస్తే "మరో దేశం పాస్‌పోర్టు లేదు" అన్న మన ప్రకటన నిలవదు. అక్కడే కాపురం ఉండే కుటుంబానికి ఈ దారి ఆచరణలో కుదరదనే చెప్పాలి. ఒకటి రెండేళ్ళలో సర్దుకుని వచ్చేసే ఆలోచన గట్టిగా ఉన్నవాళ్ళకే పనికొస్తుంది. మిగతావాళ్ళు చేసేది అమెరికా పాస్‌పోర్టు, దానితోపాటు ఓసీఐ కార్డు.

ఓసీఐ ఉంటే ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

ఓసీఐని 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభించారు. పేరులో పౌరసత్వం ఉన్నా అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా అనుకోవాలి. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడకూడదు, మామూలుగా ప్రభుత్వ ఉద్యోగం రాదు. చదువు దగ్గర ఇంకో మెలిక. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం నీట్, జేఈఈ లాంటి ప్రవేశాల్లో ఓసీఐ పిల్లలు ఎన్నారై సీట్లకు మాత్రమే అర్హులు. ఆ తేదీకి ముందే కార్డు ఉన్నవాళ్ళకు పాత హక్కులు వర్తిస్తాయని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు పుట్టే పిల్లలకు ఆ రక్షణ లేదు. "ఇంటరుకి ఇక్కడికి తెచ్చేసి మెడిసిన్ చదివిద్దాం" అనుకునేవాళ్ళు ఫీజు లెక్క ముందే వేసుకోవాలి.

భూమి సంగతి మన ఇళ్ళలో ఇంకా ముఖ్యం. ఓసీఐ కార్డున్నవాళ్ళు ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు. పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, కానుకగా కూడా పుచ్చుకోకూడదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాలి. హోసూరు దగ్గరో రాయగడ దగ్గరో ఉన్న రెండెకరాలను తాతగారు ముచ్చటపడి విదేశీ మనవడి పేర గిఫ్టు డీడు రాయిస్తే అది నిబంధనలకు విరుద్ధం. అదే భూమిని వీలునామాలో రాస్తే, ఆయన తదనంతరం వారసత్వంగా చెల్లుతుంది. పత్రం పేరు మారితే హక్కే మారిపోతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాసేవాళ్ళు మనవడి పాస్‌పోర్టు ఏ దేశానిదని అడగరు, మనమే చెప్పాలి.

కార్డు తీశాక కూడా ఒక పని ఉంటుంది. ఇరవై ఏళ్ళు నిండేవరకు పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్త పాస్‌పోర్టు నకలు, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఇరవై నిండాక తీసే కొత్త పాస్‌పోర్టుతో ఒకసారి కార్డు మళ్ళీ తీయించుకోవాలి.

మన ఇంటిపేర్ల తంటా

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్ళకు పెద్దగా లేని చిక్కొకటి సరిహద్దు ఇవతల ఉన్న మనకుంది. తమిళనాడులో మూడు నాలుగు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు పెళ్ళిపిలుపుల్లో, పూజల్లో తప్ప కాగితాల్లో కనబడదు. స్కూల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా రాస్తారు. కర్ణాటకలో కొందరికి ఊరు, తండ్రి పేరు రెండూ ఇనీషియళ్ళే. షోలాపూరు, భివండి వైపు మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా వస్తాయి. పాస్‌పోర్టు దరఖాస్తులో మాత్రం రెండే గడులు: పేరు, ఇంటిపేరు. ఇనీషియళ్ళు పనికిరావు, విడమరచి రాయాలి.

ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన తండ్రికి అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. బిడ్డ పుట్టినప్పుడు అక్కడి ఆసుపత్రి ఫారంలో ఇంటిపేరు ఏం రాయాలో తోచక కొందరు తండ్రి పేరు, కొందరు తాత పేరు, ఉత్సాహవంతులు నాలుగు తరాల కింద వదిలేసిన అసలు ఇంటిపేరు రాస్తారు. ఆ మూడోది మనసుకు బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ తండ్రి పాస్‌పోర్టులో ఆ పేరు ఎక్కడా లేకపోతే కాన్సులేట్ కౌంటర్లో ప్రశ్నలు తప్పవు. అంత ఇష్టమైతే ముందు తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు చేర్పించుకుని, తర్వాత బిడ్డకు పెట్టడం మేలు. యూఏఈ కూడా 2022 నవంబరులో, ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమంది. వెనక పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలని ఆ తర్వాత సడలించింది.

స్పెల్లింగు ఇంకో తలనొప్పి. లక్ష్మి అన్న పేరును ఒడిశా, మహారాష్ట్ర రికార్డుల్లో తరచుగా ఎక్స్‌తో రాస్తారు. తమిళనాడులో కేఎస్‌హెచ్‌తో రాస్తారు, లతకు టీ పక్కన హెచ్ పెడతారు. బరంపురంలో పుట్టి చెన్నైలో చదివి ముంబైలో పెళ్ళి రిజిస్టరు చేయించుకున్న తల్లికి మూడు పత్రాల్లో మూడు స్పెల్లింగులుండటం వింతేమీ కాదు. ప్రయాణానికి ముందే ఇక్కడ సరిచేయించుకోవడం తేలిక. బిడ్డ పుట్టాక అక్కడినుంచి సరిచేయించడం కష్టం, ఏడాది గడువు ఎవరి కోసమూ ఆగదు.

"మా తాత ఇక్కడే పుట్టాడు కదా" అంటే

2024 అక్టోబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు అందరూ తెలుసుకోవలసింది. తమిళనాడు మూలాలున్న దంపతులు 1998 డిసెంబరులో సింగపూరు పౌరసత్వం తీసుకున్నారు. అప్పటికి తల్లి గర్భవతి. 1999 మార్చిలో కొడుకు పుట్టాడు. అతను పెద్దయ్యాక, గర్భంలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు భారతీయులే గనక తనకు భారత పౌరసత్వం తిరిగి ఇవ్వాలన్నాడు. మద్రాసు హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు కాదంది.

కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. తల్లిదండ్రులు ఎనిమిదో సెక్షను కింద ప్రకటన చేసి పౌరసత్వం వదులుకుంటే, దానివల్ల పౌరసత్వం పోయిన మైనరు బిడ్డ పద్దెనిమిది నిండిన ఏడాదిలోపు దాన్ని తిరిగి కోరవచ్చు. కానీ ఎక్కువమంది చేసేది అది కాదు. వేరే దేశం పౌరసత్వం పుచ్చుకుంటారు, ఆ క్షణాన తొమ్మిదో సెక్షను కింద మన పౌరసత్వం దానంతటదే పోతుంది. దానికి బిడ్డ తిరిగి కోరే వీలు వర్తించదని కోర్టు తేల్చింది. తాతలు అవిభక్త భారతదేశంలో పుట్టారన్న వాదన కూడా నిలవలేదు. ఇలాంటి పిల్లలకు మిగిలే దారి ఓసీఐగా అయిదేళ్ళు ఉండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి, అయిదో సెక్షను కింద నమోదు కోరడం.

యానాం ఇళ్ళ సంగతి వేరు

యానాంలో ఈ ప్రశ్న తలకిందులుగా ఉంటుంది. అక్కడ కొన్ని ఇళ్ళలో మనిషి కదలలేదు, దేశమే మారింది. 1956 మే 28న సంతకమైన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఆ రోజుకు అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి జాతీయత ఉంచుకుంటామని ఆరు నెలల్లో రాసిచ్చినవాళ్ళు ఫ్రెంచివాళ్ళుగానే ఉండిపోయారు. పద్దెనిమిది లోపు పెళ్ళికాని పిల్లలకు తండ్రి నిర్ణయమే నిర్ణయం. ఆనాడు ఒక సంతకం పెట్టిన ఇంటికీ పెట్టని పక్కింటికీ మనవలు ఈరోజు వేర్వేరు క్యూలలో నిలబడుతున్నారు.

ఫ్రెంచి చట్టంలో తల్లిదండ్రుల్లో ఒకరు ఫ్రెంచి పౌరులైతే బిడ్డ ఎక్కడ పుట్టినా ఫ్రెంచి పౌరుడే. అయితే కుటుంబం యాభై ఏళ్ళకు పైగా ఫ్రాన్సు బయటే ఉండి, ఫ్రెంచివాళ్ళమని చూపే కాగితాలేవీ నడపకుండా ఊరుకుంటే ఆ హక్కును నిరూపించుకోవడానికి తలుపు మూసుకుంటుంది. కాబట్టి పెట్టెలో తాతగారి పాత పత్రం దొరికినంత మాత్రాన ఆశలు పెంచుకోవద్దు, దళారులకు డబ్బు కట్టవద్దు. ఫ్రెంచి పౌరులుగా ఉన్న యానాం కుటుంబాలకు ఉపయోగపడే మాట మన చట్టంలోనే ఉంది. 1947 ఆగస్టు 15 తర్వాత భారతదేశంలో కలిసిన ప్రాంతానికి చెందినవారు, వారి పిల్లలు, మనవలు, మునిమనవలు ఓసీఐకి అర్హులు. పారిస్‌లో పుట్టిన మునిమనవరాలికి కార్డు తీయాలంటే యానాం మూలాన్ని చూపే పాత జనన పత్రం కావాలి. ఫ్రెంచిలో ఉన్న ఆ పత్రాన్ని చెదలు పట్టనివ్వకండి.

ఇక ఇక్కడే పుట్టి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళబోయే పిల్లల పాస్‌పోర్టు గురించి రెండు ముక్కలు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. మైనరు పాస్‌పోర్టు అయిదేళ్ళకు గానీ పద్దెనిమిది నిండేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే పనిచేస్తుంది. పదిహేను దాటినవాళ్ళు కావాలంటే పదేళ్ళది తీసుకోవచ్చు. దరఖాస్తుకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. ఒకరే ఉన్న ఇంట్లో ఆ ఒక్కరి ప్రకటనతో పని జరుగుతుంది, దానికి వేరే అనుబంధ పత్రం ఉంది. అమ్మమ్మ దగ్గర బిడ్డను వదిలి ఇద్దరూ గల్ఫ్‌లో ఉంటే, ఆ సమ్మతి పత్రాన్ని అక్కడి కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపమని ముందే చెప్పండి.