ఊరి గ్రూపులో చదువు కబురు

విద్యార్థికి పనికొచ్చే కబురు ఊరికి చేరే దారి మారింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది. ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లు, ఫలితాలు 95523 00009 నంబరులోనూ అందాయి. మదనపల్లె, పుంగనూరు పల్లెల పిల్లలకు నెట్ సెంటర్ దాకా వెళ్లే బస్సు చార్జీ మిగలడం చిన్న మేలు కాదు.

ఫలితాలను అందరూ వెతుక్కుంటారు. ప్రచారం కావలసింది ఎవరూ అడగని వాటికి. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష అలాంటిదే. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షల రూపాయలు మించని సర్కారు బడి పిల్లలు ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. గడువు దాటాక తెలిస్తే నాలుగేళ్ల సొమ్ము, 48,000 రూపాయలు, చేజారినట్టే. టీచరు తల్లిదండ్రుల గ్రూపులో సమయానికి పెట్టే ఒక్క మెసేజ్‌కు అంత విలువ ఉంది.

కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకున్న కుప్పంలో మరో చిక్కు. ప్రకటన ఏ రాష్ట్రానిదో, ఏ ఏడాదిదో రాయకపోతే పిల్లలు తమకు వర్తించని దాని వెంట పరుగెత్తుతారు. పలుమార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ 2020లో కట్టడి చేసినా, పాత నోటిఫికేషన్ ఫొటోలు తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఫొటోతో పాటు అధికారిక వెబ్‌సైట్ లింకు, చివరి తేదీ కూడా జోడించి పంపాలి.