బద్ద మీద బద్ద పేర్చి పడవ

కోనసీమ వాళ్లకు పడవ కట్టడం తెలియని విద్య కాదు. గోదావరి పాయ గౌతమికి అవతలి గట్టున ఉన్న కోరంగి, తాళ్లరేవుల్లో ఒకప్పుడు సముద్రం మీద తిరిగే తెరచాప ఓడలు కట్టారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని ఊడ్చిపెట్టాయి. అయినా తాళ్లరేవు వడ్రంగుల చేతిలో ఆ పని చాలాకాలం బతికింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక ధాన్యం, కొబ్బరికాయలు పడవల మీదే కదిలాయి. రోడ్లూ వంతెనలూ పెరిగేకొద్దీ కాలువ పడవలు తగ్గాయి. 2004 సునామీ తర్వాత తీరమంతా ఫైబర్ బోట్లు నిండాయి. చెక్క పడవ కట్టించుకునేవాళ్లు ఇప్పుడు అరుదు.

ఆసక్తి ఉన్న మనిషి తన ఇంటి వసారాలో, ఒక్కడే, కొన్ని నెలల్లో కట్టుకోగల చెక్క పడవ ఒకటుంది. దాన్ని బద్దల పడవ అందాం. ఉత్తర అమెరికాలో కానూ అనే సన్నటి తెడ్డు పడవను ఇలా కడతారు. కెనడాలోని పీటర్‌బరోలో 19వ శతాబ్దంలోనే సన్నటి చెక్క బద్దలతో కానూలు చేసేవారు. ఎపాక్సీ జిగురు, గాజునార గుడ్డ వచ్చాక ఆ పని మామూలు మనుషుల చేతికి అందింది. 1983లో వచ్చిన టెడ్ మూర్స్ పుస్తకం ‘కానూక్రాఫ్ట్’ చదివి ప్రపంచమంతటా ఎందరో తమ షెడ్లలో ఈ పడవలు కట్టుకున్నారు.

మన నావకూ దీనికీ తేడా ఎముకల దగ్గర ఉంది. నావ కట్టేటప్పుడు అడుగున దూలం వేసి, దానికి వంపు తిరిగిన పక్కటెముకలు నిలిపి, వాటి మీద మందపాటి పలకలు బిగిస్తారు. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టిస్తారు. ఆ ఎముకలు నావలోనే ఉండిపోతాయి. బద్దల పడవకు లోపల ఎముకలుండవు. ముందు తాత్కాలికంగా అచ్చులు నిలబెట్టి, వాటి మీద బద్దలు పేర్చి అతికించి, పైన గాజునార గుడ్డ పరిచి ఎపాక్సీ రెసిన్ పోస్తారు. అది గట్టిపడ్డాక అచ్చులు తీసేసి లోపలివైపూ అలాగే చేస్తారు. చివరికి మిగిలేది పెంకు ఒక్కటే.

ఆరు మిల్లీమీటర్ల చెక్క మనిషి బరువు మోస్తుందా అని ఎవరైనా అడుగుతారు. చెక్క ఒక్కటే అయితే మోయదు. కొబ్బరి నూనె సీసాలు వచ్చే అట్టపెట్టెను చింపి చూడండి. రెండు పలుచని కాగితాల మధ్య ముడతల కాగితం ఉంటుంది. ఆ మధ్య ముడతలు కాగితాలను దూరంగా పట్టి ఉంచుతాయి కాబట్టే పెట్టెకు బిగువు. ఇక్కడ చెక్క చేసే పనీ అదే, బయటి గుడ్డనూ లోపలి గుడ్డనూ ఎడంగా ఉంచడం. మందం పెరిగేకొద్దీ వంగకుండా నిలిచే శక్తి అంతకన్నా ఎక్కువ రెట్లు పెరుగుతుంది. అందుకే చెక్క బలంగా ఉండనక్కర్లేదు, తేలికగా ఉంటే చాలు.

దీన్నిబట్టే చెక్క ఎంపిక. పదహారడుగుల పడవ పెంకు సుమారు ఐదు చదరపు మీటర్లు. ఆరు మిల్లీమీటర్ల మందంతో లెక్కేస్తే 0.03 ఘనపు మీటర్ల కలప. ఉత్తర అమెరికావాళ్లు వాడే ఎర్ర దేవదారు ఘనపు మీటరు నాలుగు వందల కిలోలకు లోపే తూగుతుంది కాబట్టి చెక్క బరువు పదకొండు, పన్నెండు కిలోలు దాటదు. టేకుతో చేస్తే ఇరవై కిలోల దాకా వస్తుంది. టేకు గొప్ప కలపే. కానీ ఈ పడవలో దాన్ని అంచు కట్టుకీ కొనలకీ మాత్రమే వాడాలని నా అభిప్రాయం. మామిడి బరువు, పైగా మెలి తిరుగుతుంది. కోనసీమలో ఎవరికైనా మొదట తోచేది కొబ్బరి. కానీ కొబ్బరి మాను బయటిపొర రాయిలా గట్టిగా, బరువుగా ఉంటుంది, లోపలి భాగం మెత్తటి పీచు. పదహారడుగుల సన్నబద్ద ఏకరీతిగా రావడం కష్టం. ఈ జిల్లాల్లో రైతులు ప్లైవుడ్ మిల్లుల కోసం పెంచుతున్న మలబారు వేప టేకు కన్నా బాగా తేలిక, నిలువుగా ఎదుగుతుంది. ముడులు లేని దుంగ చూసి కొంటే అదే మేలు.

రంపపు మిల్లులో ఆరు మిల్లీమీటర్ల మందం, పంతొమ్మిది మిల్లీమీటర్ల వెడల్పుతో బద్దలు కోయించాలి. అరవై పైచిలుకు కావాలి, విరిగేవాటికి మరికొన్ని. కోయగానే వాడకూడదు. మన గాలిలో తేమ ఎక్కువ. చెక్కలో నీరు మిగిలి ఉంటే ఎపాక్సీ సరిగా పట్టదు. పెంకుటిల్లు ఉన్నవాళ్లకు అటక ఉంటుంది. బద్దల మధ్య పుల్లలు పెట్టి గాలాడేలా అక్కడ పేర్చి, వేసవంతా ఆరనిస్తే చెక్క దారికొస్తుంది.

అచ్చుల పని చిన్నదే, దానికి ఓపిక మాత్రం కావాలి. పడవ నమూనాలో ప్రతి అడుగు దూరానికీ ఒక అడ్డకోత గీసి ఉంటుంది. ఆ గీత ప్రకారం ప్లైవుడ్ కోసి, పొడవాటి దూలం మీద అడుగుకొకటి చొప్పున తలకిందులుగా నిలపాలి. ఒక కొన నుంచి ఇంకో కొనకు దారం లాగి, ప్రతి అచ్చు నడుమ గీతా దారం కిందే ఉందో లేదో చూడాలి. ఇక్కడ వంకర పోతే తర్వాత ఎంత చిత్రిక పట్టినా పడవ నేరుగా నడవదు. అచ్చుల అంచులకు ప్లాస్టిక్ టేపు అంటిస్తే జిగురు పట్టదు.

తర్వాత బద్దలు. మొదటి బద్ద పడవ అంచు దగ్గర, అచ్చుల మీదుగా ఒక కొన నుంచి రెండో కొన దాకా సాగుతుంది. దాని అంచుకు జిగురు సన్నగా పూసి రెండోది ఆనించాలి. ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే జిగురు చాలు, ఎందుకంటే దాన్ని కాపాడేది పైనుంచి వచ్చే గుడ్డ. పడవ ఒంపు తిరిగేచోట రెండు బద్దల మధ్య వెంట్రుకంత సందు తెరుచుకుంటుంది. అక్కడ బద్ద అంచును చిన్న చిత్రికతో ఏటవాలుగా తీసి, పెట్టి చూసి, మళ్లీ తీసి, సందు మూసుకునేదాకా సర్దాలి. పట్టి ఉంచడానికి మేకులు కొట్టనక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు లాగి కడితే చాలు, చెక్క మీద చిల్లులు మిగలవు. రోజుకు రెండువైపులా నాలుగైదు బద్దలు పడితే మంచి పనే.

పెంకు పూర్తయ్యాక చిత్రికతో, తర్వాత ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. చీకటి పడ్డాక ఒక బల్బును పెంకు పక్కనే కిందికి పెట్టి చూస్తే పగలు కనిపించని ఎగుడుదిగుళ్లన్నీ నీడలుగా బయటపడతాయి. అయితే అరిగించిందల్లా మందం నుంచే పోతుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల కన్నా దిగనివ్వకూడదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది రెసిన్. తీరంలో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లు వాడేది పాలియెస్టర్. అందులో గట్టిపరిచే హార్డెనర్ చాలా తక్కువ, నూటికి ఒకటి రెండు పాళ్లు. తొందరగా గట్టిపడాలంటే మరికొంచెం పోస్తారు, అక్కడ అది చెల్లుతుంది. ఎపాక్సీలో చెల్లదు. ఇందులో హార్డెనర్ రెసిన్‌తో కలిసి కొత్త పదార్థంగా మారే సగభాగం లాంటిది. రకాన్నిబట్టి రెండుకు ఒకటో, ఐదుకు ఒకటో, డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే కలపాలి. ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు సరికదా, ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. డబ్బా మీద చెప్పింది కొలతతోనా, తూకంతోనా అన్నదీ చూసుకోవాలి, రెండూ ఒకటి కావు. చెక్కకు పాలియెస్టర్ కన్నా ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి దీని విషయంలో రాజీ వద్దు.

కోనసీమ వాతావరణం ఇక్కడే పరీక్ష పెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ రెట్టింపు వేగంతో గట్టిపడుతుంది. గిన్నెలో ఎక్కువ కలిపితే దాని వేడి దానికే ఎక్కి పొగలొస్తాయి. కొద్దికొద్దిగా కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోవాలి. ఇంకొకటి, పొద్దున్నే పూత మొదలుపెడితే ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకొస్తుంది, గుడ్డ లేచిపోతుంది. చెక్క చల్లబడుతున్న వేళ, అంటే సాయంత్రం మొదలుపెడితే అదే గాలి కుంచించుకుని రెసిన్‌ను లోపలికి పీల్చుకుంటుంది. కానీ రాత్రి మంచు పడితే పూత మీద నూనెలాంటి జిగట పొర కడుతుంది. దాన్ని థిన్నర్‌తో కాకుండా నీళ్లతో, గరుకు పీచుతో కడిగి ఆరబెట్టి, అప్పుడే తర్వాతి పూత వేయాలి. అందుకే నా సలహా, మంచు తగ్గి ఎండ ముదరని ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో, కప్పున్న వసారాలో ఈ పని పెట్టుకోండి.

చదరపు మీటరుకు రెండు వందల గ్రాములు తూగే గాజునార గుడ్డ పొడిగా ఉన్నప్పుడు తెల్లగా కనిపిస్తుంది. రెసిన్ పోసి రబ్బరు పలకతో మెల్లగా లాగుతుంటే తెలుపు మాయమై కింద చెక్క రంగు తేనెలా తేలుతుంది. ఎక్కడైనా తెలుపు మిగిలితే అక్కడ రెసిన్ చాలలేదని అర్థం. గుడ్డ నేత నిండేదాకా మరో రెండు పూతలు కావాలి. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే జీవితాంతం పడదు. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కూ అంతే అవసరం.

ఎపాక్సీకి ఎండ శత్రువు. పైన ఎండను అడ్డే వార్నిష్ మూడు, నాలుగు పూతలు వేసి, వెలిసినప్పుడల్లా మళ్లీ వేయాలి. వాడనప్పుడు నీడలో, చెదలు ఎక్కకుండా నేలకు ఎత్తుగా బోర్లించాలి.

అమలాపురం, కొత్తపేట కాలువల్లో గుర్రపుడెక్క లేని చోట, రాజోలు వైపు దిండి దగ్గరి నెమ్మదైన నీళ్లలో ఈ పడవ హాయిగా నడుస్తుంది. దాళ్వా నీళ్లు ఆపి కాలువలు కట్టేశాక జూన్ దాకా అక్కడ నీళ్లుండవని ఎలాగూ తెలుసు. వరద గోదావరి మీదికి మాత్రం దీన్ని తీసుకెళ్లకూడదు. 2018 జూలైలో పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు నదిలో కొట్టుకుపోయిన సంగతి ఈ సీమ మరచిపోలేదు. తేలికైన పడవ త్వరగా తిరగబడగలదు కూడా. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు.

నీటిలో దింపేముందు రెండు కొనల్లోనూ గాలి చొరబడని గదులు మూసి ఉండాలి. నడుములోతు నీళ్లలో పడవను కావాలని నీళ్లతో నింపండి. అంచు నీటికి పైనే ఉండి, పక్కన పట్టుకుని వేలాడే మనిషిని మోస్తే సరే. మోయకపోతే ఆ గదులు పెంచి మళ్లీ చూడాలి.