బడి గ్రంథాలయం – సమాచార అక్షరాస్యతకు తొలి మెట్టు

'పుస్తకం హస్తభూషణం' అన్నారు పెద్దలు. అయితే చేతిలో పుస్తకం ఉండటం వేరు, అందులో కావలసిన విషయాన్ని వెతికి పట్టుకుని, అది ఎంతవరకు నిజమో తేల్చుకోగలగడం వేరు. ఈ రెండవదానినే సమాచార అక్షరాస్యత అంటారు. 1974లో అమెరికాకు చెందిన పాల్ జుర్కోవ్‌స్కీ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. దీనికి పునాది పడవలసింది మాత్రం కాలేజీలో కాదు, ప్రాథమిక పాఠశాలలోనే అని మా అభిప్రాయం.

చదువుకున్నవారి ఇంట్లో పిల్లవాడికి సందేహం వస్తే నాన్నో అక్కో పుస్తకం తీసి చూపిస్తారు. మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి ఆ అవకాశం లేదు. ఇంట్లో మొదటి చదువు మనదే. పీజీలో చేరి పెద్ద గ్రంథాలయంలో అడుగుపెట్టాకనే పుస్తకం చివరనుండే పదసూచిక ఉపయోగం తెలిసినవారు మాలో ఉన్నారు. నిజానికి అది అయిదో తరగతిలో నేర్వదగిన విద్య. దానిని ఎలా నేర్పవచ్చో మన పిఠాపురం ఉదాహరణలతోనే చూద్దాం.

మొదటిది వెతకడం. సూర్యరాయాంధ్ర నిఘంటువును పిఠాపురం మహారాజా వారి పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తయారుచేసింది. తొలి సంపుటం 1936లో వెలువడింది. అంత పెద్ద గ్రంథంలోనైనా ఒక మాటను ఇట్టే పట్టుకోవచ్చు. కారణం అకారాది క్రమం. తరగతిలోని పిల్లల పేర్లను ఆ క్రమంలో రాయిస్తే చాలు, నిఘంటువు చూడటం సగం వచ్చినట్లే. తర్వాత విషయసూచిక, పదసూచిక నేర్పవచ్చు.

రెండవది సరిచూడటం. 'మన ఊరి పాత పేరేమిటి?' అని అడిగితే పిల్లలు తాము విన్నది తలో రకంగా చెబుతారు. చరిత్ర పుస్తకం తెరిస్తే, నాలుగో శతాబ్దపు సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనంలో 'పిష్టపురం' ప్రస్తావన ఉందని తెలుస్తుంది. క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనంలోనూ ఆ పేరుంది. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే మాట చెబితే నమ్మకం బలపడుతుంది. 'ఎవరు చెప్పారు? వారికెలా తెలుసు?' అని అడిగే అలవాటు ఇలాగే వస్తుంది.

మూడవది పుస్తకం ఎప్పటిదో చూడటం. పాత అట్లాసులో పిఠాపురం తూర్పు గోదావరి జిల్లాలో ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి మనది కాకినాడ జిల్లా. పాత పుస్తకం అబద్ధమాడలేదు, అచ్చయిన నాటికి అది నిజమే.

నాలుగవది, తెలుసుకున్నదానిని సొంత మాటల్లో రాసి, ఏ పుస్తకంలో దొరికిందో కింద రాయడం.

వీటికి వేల పుస్తకాలు అక్కరలేదు. ఒక నిఘంటువు, ఒక అట్లాసు, ఒక దినపత్రిక, కొన్ని కథల పుస్తకాలు, వారానికి ఒక పీరియడ్ ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. కానీ పుస్తకం పోతే లెక్క చెప్పాలన్న భయంతో కొన్ని చోట్ల బీరువా తాళం తీయరు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనన్నది 1931లో ఎస్.ఆర్. రంగనాథన్ ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాలలో మొదటిదాని సారాంశం. చిరిగిన పుస్తకాన్ని అతికించవచ్చు. తాళం వెనుక చెదలు పట్టిన పుస్తకాన్ని ఏం చేయగలం?

ఇదంతా మార్కుల కోసం కాదు. స్కాలర్‌షిప్ గడువు అయిపోయిందని ఫోనులో ఒక పుకారు వస్తుంది. డబ్బు కడితే ఉద్యోగమని ఒక ప్రకటన వస్తుంది. అసలు నోటిఫికేషన్ ఎక్కడుందో చూడటం రాకపోతే నష్టపోయేది అడిగే దిక్కులేని మన కుటుంబాలే. 2005 సమాచార హక్కు చట్టం మనకు అడిగే హక్కునిచ్చింది. ఏమి అడగాలో, వచ్చిన జవాబును ఎలా చదవాలో చిన్ననాడే నేర్వాలి.

కనుక పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీరు చదివిన చిన్న బడికి ఒక నిఘంటువు ఇవ్వండి. ఇచ్చి వచ్చేయకుండా, మాస్టారి అనుమతితో ఒక గంట కూర్చుని, పిల్లల చేత ఒక్కొక్క మాట వెతికించండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ పని మన హాస్టల్లో మీరు ఈ ఆదివారమే మొదలుపెట్టవచ్చు.