కౌన్సెలర్ కుర్చీలో ఎవరు కూర్చోవాలి?

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాలనుకునేవారు ముందు ఆరా తీసేది ఆ కౌన్సెలర్ చదువు గురించే. తీయాల్సిందే కూడా. క్లినికల్ సైకాలజిస్టులకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు తప్పనిసరి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం చాలాకాలం అలాంటి కట్టుబాటేమీ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పిన నిపుణుల్లో కౌన్సెలర్ ప్రస్తావన లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వాళ్లకు చోటిచ్చింది. సైకాలజీ ఎమ్మే చేసినా, సోషల్ వర్క్ చదివినా, కొద్ది నెలల డిప్లొమా పూర్తిచేసినా బయట పేరు ఒకటే. అందుకని పెద్ద డిగ్రీ ఉంటే చాలనుకోవడం మాత్రం పొరపాటు.

గోవా అనుభవం చూడండి. అక్కడ పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందిపై జరిగిన అధ్యయనం 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. కౌన్సెలింగ్ చేసింది స్థానికులే. హైస్కూలు చదువు ఉంది, మానసిక వైద్యంలో ముందస్తు శిక్షణ లేదు. కొన్ని వారాల తరగతులు, ఆపై నెలల తరబడి పర్యవేక్షణలో పని. నిరుత్సాహంతో మంచం పట్టిన మనిషి చేత రోజూ ఒక చిన్న పనైనా చేయించడం, అది మనసుకు ఎలా అనిపించిందో అడిగి తెలుసుకోవడం వాళ్ల పద్ధతి. సెషన్ల రికార్డింగులు విని ఒకరి పనికి మరొకరు మార్కులు వేసేవారు. మూడు నెలలకు కౌన్సెలింగ్ అందిన వారిలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడితే, అందని వారిలో 39 శాతమే బయటపడ్డారు.

పేదలకు చౌకబారు వైద్యం అంటగట్టడమేనా ఇది అని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ మాటే. కానీ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు వైద్యమే అందడం లేదు. పైగా గోవాలో రోగి పరిస్థితి డాక్టరుకూ తెలిపారు, కౌన్సెలర్లను ఒంటరిగా వదిలేయలేదు. పట్టా ఉన్నవారి పనినైనా ఎవరూ గమనించకపోతే తప్పులు దిద్దేదెవరు? భాష సంగతీ ఉంది. మనస్తత్వశాస్త్రం ఇంగ్లిషులో చదివిన విద్యార్థి, నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు, గుండె దడగా ఉంది అని తెలుగులో చెప్పేవారి బాధను వినడం విడిగా నేర్చుకోవాల్సిందే. అందుకే పల్లెల నుంచీ తెలుగు మాధ్యమం నుంచీ వచ్చేవారికి ఈ వృత్తిలో దారి తెరవాలి, అందరికీ పర్యవేక్షణ తప్పనిసరి చేయాలి. కౌన్సెలర్‌ను ఏం చదువుకున్నారని అడిగేటప్పుడే, మీ పనిని ఎవరు సమీక్షిస్తారనీ అడగండి.