కొండల వానకు గోదావరి సాక్ష్యం

అల్లవరం మండలంలో వెతికినా ఒక్క గుట్ట కనిపించదు. ఓడలరేవు దగ్గర వైనతేయ పాయ సముద్రంలో కలిసేదాకా అంతా కొబ్బరి తోటలూ వరి చేలే. అయినా ఇక్కడికి రాబోయే దశాబ్దాల్లో ఎలాంటి వరదలు వస్తాయో లెక్కగట్టేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది కొండల్లో పడే వానని. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. కోనసీమ లంకలను ముంచిన ఆ నీళ్లు లంకల్లో కురిసినవి కావు. భద్రాచలానికి ఎగువన కలిసే ఇంద్రావతి, దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే.

ప్రపంచమంతటినీ లెక్కించే వాతావరణ నమూనాల్లో ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్లు ఉంటుంది. అందులో తూర్పు కనుమలు కనుమల్లా ఉండవు, చిన్న వాలులా మిగులుతాయి. అందుకే ఒక ప్రాంతాన్ని మాత్రమే తీసుకుని చిన్న గడులతో మళ్లీ లెక్కించే ప్రాంతీయ నమూనాలు వచ్చాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ సమన్వయంతో దక్షిణాసియాకు ముందు 50, తర్వాత 25 కిలోమీటర్ల గడులతో ఇలాంటి లెక్కలు కట్టారు. కానీ 25 కిలోమీటర్ల గడిలోనూ 1,600 మీటర్లు దాటిన కోరాపుట్ శిఖరాలు పక్క లోయలతో కలిసి సగటుగా మారిపోతాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి కొండనెక్కి చల్లబడి వాన కురవడం, అవతలి వైపు వాన తగ్గడం అంతే పదునుగా కనిపించవు. పటం వివరంగా ఉన్నంత మాత్రాన లెక్క నిజమైపోదు.

మరి నిజమో కాదో తేల్చేదెలా? గడిచిన ఏళ్ల అసలు గాలి, తేమ వివరాలను నమూనాకు అంచుల దగ్గర అందించి, అది చెప్పిన వానను వాతావరణ శాఖ వర్షపాత పటంతో పోల్చడం మామూలు పద్ధతి. చిక్కు ఇక్కడే ఉంది. వర్షమాపకాలు ఎక్కువగా ఊళ్లలో, లోయల్లో ఉంటాయి. శిఖరాల మీది వానను చాలావరకు పక్క కేంద్రాల అంకెలతో పూరిస్తారు. కుంచమే చిన్నదైతే కొలత తప్పిందని ధాన్యాన్ని తప్పుపట్టలేం. నమూనా వానను ఆ పటానికి తగ్గట్టు సరిదిద్దితే సరిపోతుంది కదా అంటారు కొందరు. సరిదిద్దితే పటంలోని లోటు కూడా నమూనాలోకి వచ్చి చేరుతుంది.

అందుకే నది సాక్ష్యం కూడా తీసుకోవాలంటాను. కేంద్ర జలసంఘం కోంటా దగ్గర శబరి ప్రవాహాన్ని కొలుస్తుంది. కొన్నేళ్ల మొత్తం తీసుకుంటే, కురిసిన వానలోంచి ఆవిరైనది పోగా మిగిలిందే దాదాపుగా నదిలోకి రావాలి. పటం చూపిన వాన అంత ప్రవాహానికి చాలకపోతే తప్పు నమూనాది కాదు, పటానిదే కావచ్చు. బలిమెల, ఎగువ కొలాబ్ జలాశయాలు ప్రవాహాన్ని ఆపి వదులుతాయి కదా అన్న అభ్యంతరం సరైనదే. రోజువారీ పోలికకు అది పెద్ద అడ్డంకి. ఏళ్ల మొత్తానికి మాత్రం, కాలువలకు మళ్లిన నీటిని కలుపుకుంటే, లెక్క కుదురుతుంది. ఏ కొండ మీద ఎంత కురిసిందో నది చెప్పలేదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దానికి జవాబు ఉపనదుల దగ్గర విడివిడిగా కొలవడమే.

ఇంకొక షరతు ఉంది. ఏడాది సగటు సరిపోయిందని నమూనాకు మార్కులు వేయకూడదు. రోజూ సన్నటి జల్లు కురిపించి, అసలు భారీ వానను తక్కువ చేసే నమూనాకూ సగటు సరిపోతుంది. ధవళేశ్వరంలో గోదావరిని 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరికను దాటించేది, ఉపనదులన్నిటి మీదా ఒకేసారి రెండు మూడు రోజులు కురిసే వాన. అలాంటి వానలు ఎంత తరచుగా, ఎంత విస్తీర్ణంలో వస్తున్నాయో నమూనా సరిగ్గా చెబుతోందా అన్నది చూడాలి. గడిని మూడు నాలుగు కిలోమీటర్లకు కుదిస్తే ఉరుముల మేఘాలు మెరుగ్గా పట్టుబడతాయి, కంప్యూటర్ ఖర్చు మాత్రం విపరీతం. ఆ ఖర్చులో కొంత ముందు కోరాపుట్, చింతూరు కొండల మీద వర్షమాపకాలకు పెడితే, అల్లవరానికి పనికొచ్చే నమూనా ఏదో తేల్చుకోవచ్చు.