ప్రయోగశాలయందు చేయి తిరుగవలెను

ఈతనుగూర్చిన గ్రంథమును పదిమార్లు చదివినను ఏటిలో దిగనివానికి ఈత రాదు. శాస్త్రమును నట్టిదే. మా విద్యార్థులు పలువురు పట్టభద్రులైన పిమ్మట నేమి చేయవలెనని మమ్మడుగుచుందురు. తలిదండ్రులలో ననేకులు పరిశోధనము ధనవంతుల వ్యాసంగమని తలంతురు. కావున నీ విషయమును కొంత వివరింతుము.

మన కొల్లేటి ప్రాంతమునుండియే యొక దృష్టాంతమును గైకొందము. చేపలచెఱువులలోని నాచు పగలు ప్రాణవాయువును విడుచును. రాత్రి నాచును చేపలును దానిని పీల్చుకొనును. అందుచే తెల్లవాఱుజామున నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును. చేపలు పైకి తేలి నోళ్లు తెఱచుట యప్పుడే. దానిని కొలుచు పద్ధతిని హంగరీ దేశస్థుడగు వింక్లరు 1888లో ప్రకటించెను. నీటిని సీసాలో గాలిబుడగ లేకుండ నింపి, మాంగనీసు లవణమును, అయొడైడు కలిపిన క్షారమును చేర్పవలెను. గోధుమవర్ణపు మడ్డి యేర్పడును. దానిని ఆమ్లముచే కరగించి, గంజి చేర్చి, నీలవర్ణము పోవువఱకు థయోసల్ఫేటు ద్రావణమును చుక్కచుక్కగా విడువవలెను. పట్టిన ద్రావణమునుబట్టి ప్రాణవాయువు లెక్క తేలును.

పుస్తకములో నిది కొన్ని పంక్తులే. కాని సీసాలో గాలిబుడగ చిక్కినచో లెక్క హెచ్చుగా వచ్చును. ఆ లెక్కను నమ్మి రైతు నిశ్చింతగా నిద్రించును. ఉదయమునకు చేపలు చచ్చి తేలును. బుడగ చిక్కకుండ నింపు నేర్పు, అనుభవజ్ఞుల ప్రక్క నిలిచి పలుమార్లు చేసిననే యబ్బును.

ఇట్టి నేర్పు గఱపుటకు మార్గములు గలవు. బెంగుళూరు, ఢిల్లీ, ప్రయాగలయందలి మూడు శాస్త్ర పరిషత్తులు కలిసి, విద్యార్థులను ఉపాధ్యాయులను వేసవిలో రెండు నెలలు శాస్త్రజ్ఞులయొద్ద పనిచేయుటకు పంపుచున్నవి. ఎం.ఎస్‌సి. చదివినవారు జాతీయ పరీక్షలో తగిన స్థానము పొందినచో పరిశోధక వేతనము లభించును. 2023 జనవరినుండి అది నెలకు 37,000 రూపాయలు. అట్టివారు హైదరాబాదులో 1944లో నారంభమైన ప్రయోగశాలయందు, అనగా నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందు, చేరవచ్చును. వ్యవసాయ పరిశోధన సేవలో క్రొత్తగా చేరిన శాస్త్రజ్ఞులకు హైదరాబాదులోనే జాతీయ సంస్థ యొకటి శిక్షణ నొసగును. అందు పల్లెలకు పోయి రైతులతో మెలగుటయు నొక భాగము.

దూరము పోనక్కఱలేదు. పూర్వము వేంగీ రాజధాని యైన పెదవేగిలో 1995నుండి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ గలదు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము గలదు.

తలిదండ్రులారా, వేతనముతో కూడిన యీ విద్య ధనికులకే పరిమితము కాదు. రైతు కుమారునికిని, జాలరి కుమార్తెకును తగినదే. విద్యార్థులారా, మన పాఠశాల ప్రయోగశాలలో నేటినుండియే సీసాలను శుభ్రముగా కడుగుడు. పుస్తకములోని లెక్క గాక, మీకు వచ్చిన లెక్కనే వ్రాయుడు. శాస్త్రజ్ఞుని శిక్షణ యచ్చటనే యారంభమగును.